గారపళ్ళు, బిగిసిన మెడ: మన నీళ్ళు వ్రాసిన చరిత్ర

నిద్రలో పళ్ళు కొరికే అలవాటున్నవారికి ఉదయం లేవగానే దవడతోపాటు మెడ కూడా పట్టేసినట్లుండడం మీలో కొందరికి అనుభవమే. దానికి ఆధారం శరీర నిర్మాణంలోనే ఉన్నది. ముఖం నుండి నొప్పిని మోసుకువచ్చే నాడీతంతువులు, మెడ పైభాగపు మూడు నాడుల తంతువులు వెన్నుపాము పైకొసన ఒకేచోట కలుస్తాయి. అందువలన దవడ నొప్పి మెడలోను, మెడ నొప్పి దవడలోను తోచవచ్చు. ఈ అలవాటుకు 1907లో ఫ్రెంచి వైద్యులు ‘బ్రక్సోమనీ’ అని పేరుపెట్టారు. నేడు బ్రక్సిజం అంటున్నాము. ఇదీ, మెడనొప్పీ తరచు కలిసి కనబడతాయి. కాని ఒకటి రెండవదానికి కారణమని ఇంకా తేలలేదు.

అయితే అరిగిన పళ్ళు, బిగిసిన మెడ ఒకే మనిషిలో కనబడినప్పుడు మన ప్రాంతంలో ముందుగా అడగవలసిన ప్రశ్న వేరొకటున్నది. ఈ మనిషి ఏ నీరు త్రాగి పెరిగాడు? ఆ ప్రశ్న ఎంత అవసరమో వైద్యులకు నేర్పినది తెలుగు నేలే.

ఆత్మకూరు నుండి తూర్పుగా నల్లమల దాటితే దోర్నాల వస్తుంది. ఆపైన మార్కాపురం, పొదిలి, దర్శి, కనిగిరి. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేవరకు మార్కాపురం మన కర్నూలు జిల్లాలోనిది. పొదిలి, దర్శి, కనిగిరి నెల్లూరు జిల్లాలోనివి. బావినీరే ఆధారమైన ఆ మెట్టసీమ పల్లెల్లో గారపళ్ళవారు, నడుము మెడ బిగిసి వంగలేనివారు ఒకే వీధిలో కనబడేవారు. 1937లో షార్ట్, మాక్‌రాబర్ట్, బర్నార్డ్, మన్నాడి నాయర్ అనే నలుగురు వైద్యులు మద్రాసు రాజధానిలోని ఈ వ్యాధిని వర్ణిస్తూ ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో వ్యాసం ప్రకటించారు. కారణం నీటిలోని ఫ్లోరైడు.

అప్పటికి ప్రపంచంలో ఈ కథ రెండు ముక్కలుగా ఉండేది. అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్ పట్టణంలో మాకే అనే దంతవైద్యుడు 1901 నుండి గారపళ్ళను గమనిస్తూ వచ్చాడు. వాటికి కారణం నీటిలోని ఫ్లోరైడని 1931లో గాని తెలియలేదు. డెన్మార్కులో క్రయొలైట్ అనే ఫ్లోరైడు ఖనిజపు ధూళి పీల్చిన కార్మికుల ఎముకలు గట్టిపడడాన్ని 1932లో గుర్తించారు. ఒకచోట పళ్ళు, మరొకచోట ఎముకలు. ఆ రెండూ ఒకే పల్లెలో, ఒకే బావినీటి వలన చెడగలవని నెల్లూరు జిల్లా చూపింది.

1940లో పండిట్, ఆయన సహచరులు ఈ పరిశోధనను కొనసాగించి, తిండి చాలనిచోట వ్యాధి తీవ్రత హెచ్చుగా ఉన్నదని గమనించారు. 1955లో సిద్దిఖీ నల్లగొండ జిల్లా రోగుల స్థితిని బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వివరించారు. అంటే ఇది నీటి వ్యాధి మాత్రమే కాదు, పేదరికపు వ్యాధి కూడా.

ఇక్కడ మీరు గుర్తుంచుకోవలసిన సంగతి ఒకటున్నది. పంటిపై పింగాణీ పొర చిగురులోపల తయారయ్యేది బాల్యంలోనే, సుమారు 8 ఏళ్ళ వరకు. ఆ వయసులో త్రాగిన నీరే పళ్ళకు గార పట్టిస్తుంది. ఎముక అలా కాదు. అది జీవితాంతం ఫ్లోరైడును కూడబెట్టుకుంటూనే ఉంటుంది. క్రమంగా వెన్నెముక చుట్టూ ఉన్న కట్టునరాలు సున్నంలా గట్టిపడతాయి, మెడ తిరగదు, ముదిరితే వెన్నుపాము నొక్కుకుపోయి కాళ్ళు చచ్చుబడతాయి. కనుక మంచినీళ్ళ ఊరిలో పుట్టి ఫ్లోరైడు ఊరికి కోడలుగా వచ్చిన స్త్రీకి పళ్ళు తెల్లగానే ఉండి మెడ మాత్రం బిగిసిపోవచ్చు. నోరు చూసి నిశ్చింతగా ఉండరాదు.

దీనికి ఎదురు పొరపాటు కూడా ఉన్నది. తీవ్రమైన ఫ్లోరోసిస్‌లో పింగాణీ పెళుసై త్వరగా అరుగుతుంది, పెచ్చులూడుతుంది. అరిగిన పళ్ళు చూసి రాత్రిపూట కొరుకుతున్నారని తేల్చి, పళ్ళకు తొడుగు ఇచ్చి పంపితే అసలు కారణం బిందెలోనే మిగిలిపోతుంది.

మీ ఇంటిలోనే మూడు పరీక్షలు చేసి చూడండి. గడ్డం రొమ్ముకు ఆనుతున్నదా? మోకాళ్ళు వంచకుండా కాలి వేళ్ళు అందుకోగలరా? చేతులు ఎత్తి తల వెనుకభాగాన్ని తాకగలరా? ఇవి కష్టమైనంత మాత్రాన ఫ్లోరోసిస్ అని కాదు. వయసు వలన, ఇతర కీళ్ళ జబ్బుల వలన కూడా కావచ్చు. కాని బోరు నీరు త్రాగేవారైతే వైద్యునికి ఆ మాట తప్పక చెప్పండి, ఎక్స్‌రే అవసరమా అని అడగండి. నీటిని గ్రామీణ నీటి సరఫరా విభాగపు ప్రయోగశాలలో పరీక్ష చేయించండి. మన దేశ ప్రమాణం ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము మించకపోవడం మంచిది. వేరే నీరు దొరకనప్పుడు 1.5 వరకు అనుమతి. కాచినందువలన ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరైన కొద్దీ అది చిక్కబడుతుంది.

గట్టిపడిన మెడను మునుపటిలా చేసే మందు నేటికీ లేదు. ఆపగలిగినది రేపు త్రాగబోయే నీటినే. అందుచేత మీ పిల్లల పాలపళ్ళు ఊడి కొత్తపళ్ళు మొలిచే వేళ వాటి రంగును ఒక్కసారి వెలుతురులో చూడండి. సుద్దలాంటి తెల్లమచ్చలుగాని గోధుమరంగు చారలుగాని అడ్డంగా కనబడితే నీటిని అనుమానించండి. ఆ పిల్లవాని మెడను కాపాడుకోవడానికి మీకింకా వ్యవధి ఉన్నది.