పంక్చరు మలిచిన టైరు

గాలి టైరుకు తొలి పేటెంటు స్కాట్లండ్‌వాడైన రాబర్ట్ విలియం థామ్సన్‌కు 1845లోనే దక్కింది. సైకిళ్ళు ఇంకా వీధికెక్కని కాలమది. గుర్రబ్బగ్గీలకు తొడిగి చూశారు, తర్వాత మరిచిపోయారు. నలభై ఏళ్ళు దాటాక బెల్‌ఫాస్ట్‌లో పశువైద్యుడు జాన్ బాయిడ్ డన్‌లప్ తన కొడుకు మూడుచక్రాల సైకిలు కోసం అదే ఊహను మళ్ళీ కనిపెట్టి, 1888లో పేటెంటు తీసుకున్నాడు. మరుసటేడు సైక్లిస్టు విలియం హ్యూమ్ ఆ టైర్లతో పందేలు గెలిచేసరికి గట్టి రబ్బరు చక్రాలకు కాలం చెల్లింది.

చిక్కల్లా పంక్చరుతోనే. డన్‌లప్ టైరును రిమ్ముకు అతికించేసేవారు. 1889లో ఫ్రాన్స్‌లోని క్లెర్మాన్ ఫెరాన్‌లో మిషెలిన్ సోదరుల కర్మాగారానికి ఒక సైక్లిస్టు అలాంటి టైరు తెచ్చాడు. బాగుచేయడానికి మూడు గంటలు, జిగురు ఆరడానికి రాత్రంతా పట్టింది. తెల్లారి ఎడువార్ మిషెలిన్ ఆ సైకిలెక్కి, అది సాగిన తీరుకు మురిసిపోయాడు. కాసేపటికే మళ్ళీ గాలి పోయింది. ఆ మురిపెం, ఆ విసుగు కలిసి 1891లో ఊడదీయగల టైరును పుట్టించాయి. ఆ ఏడాదే దాదాపు 1,200 కిలోమీటర్ల పారిస్-బ్రెస్ట్-పారిస్ పందేన్ని షార్ల్ తెరాన్ ఆ టైర్ల మీదే గెలిచాడు. టైరు చరిత్రలో నాకు అన్నిటికన్నా పెద్ద మలుపు ఇదే: దారి పక్కన కూర్చుని ఎవరి పంక్చరు వాళ్ళు వేసుకునే వీలు కలిగింది.

ఇక ట్యూబ్‌లెస్, అంటే లోపల ట్యూబు లేని టైరు, సైకిళ్ళకు కార్ల నుంచి వచ్చింది. అమెరికాలో గుడ్‌రిచ్ కంపెనీ ఇంజినీరు ఫ్రాంక్ హెర్జెగ్‌కు 1952లో పేటెంటు దక్కింది. కొండదారుల సైకిళ్ళకు 1999లో మావిక్, రోడ్డు సైకిళ్ళకు 2006లో హచిన్సన్, షిమానో కంపెనీలు దాన్ని తెచ్చాయి. ఇంత ఆలస్యం ఊరికే కాలేదు. సన్నటి టైరులో గాలి ఒత్తిడి ఎక్కువ. టైరు అంచు రిమ్ములో వెంట్రుకవాసి సందు లేకుండా కూర్చోవాలి. లోపల పోసే రబ్బరుపాల ద్రవం చిన్న చిల్లును పూడ్చేస్తుంది గానీ, ఒత్తిడి మరీ ఎక్కువైతే పూడేలోపే బయటికి చిమ్మేస్తుంది. వెడల్పు టైర్లలో, తక్కువ గాలితో, అది చక్కగా పనిచేస్తుంది.

అందుకే నా తీర్పు ఇది. 28 మిల్లీమీటర్లో అంతకు మించో వెడల్పున్న టైర్లతో, తుమ్మముళ్ళు రాలే దారుల్లో రోజూ తొక్కేవారికి ట్యూబ్‌లెస్ మేలు. కొన్ని నెలలకోసారి ద్రవం ఆరిపోతుంది, మళ్ళీ పోసుకోవాలి. అప్పుడప్పుడూ తొక్కేవారికీ, సన్నటి టైర్లవారికీ ట్యూబే సుఖం. ట్యూబ్‌లెస్ వేయించుకున్నా సరే, టైరు కోసుకుపోతే ద్రవం ఆదుకోదు. సీటు కింది సంచిలో ఒక ట్యూబూ, చేతిపంపూ తప్పక పెట్టుకోండి.