గిటార్ శైలులు, కార్డ్ ప్రోగ్రెషన్

మూడో, అంతకు మించో స్వరాలు కలిసి మోగితే కార్డ్. అలాంటివి ఒకదాని వెనుక ఒకటి నడిచే వరుస కార్డ్ ప్రోగ్రెషన్. బ్లూస్ మూడు కార్డ్‌లను 12 బార్లలో తిప్పుతుంది. రాక్‌లోని పవర్ కార్డ్ గాంధారాన్ని వదిలి షడ్జ, పంచమాలతోనే మోగుతుంది. అందుకే అది మేజరూ కాదు, మైనరూ కాదు.

శంకరాభరణం స్వరాలే మేజర్ స్కేలు. ప్రతి స్వరం నుంచీ ఒకటి విడిచి ఒకటి కలిపితే ఏడు కార్డ్‌లు వస్తాయి: మూడు మేజర్, మూడు మైనర్, ఒకటి డిమినిష్డ్. మోహనంలో మిగిలేవి రెండే, స-గ-ప, ద-స-గ. రాగం కార్డ్‌ల ఎంపికను ఎంతగా కుదిస్తుందో ఇక్కడే అర్థమవుతుంది.

చేతితో వెతికితే దొరికేవి మరింత విలువైనవి. E మేజర్ షేప్‌ను ఒక్క ఫ్రెట్ ముందుకు జరిపి, ఖాళీ తీగలను అలాగే మోగనివ్వాలి. వెంటనే స్పెయిన్ ఫ్లమెంకో ఛాయ వినిపిస్తుంది. ఈ రెండు కార్డ్‌ల స్వరాలన్నీ సరళీ స్వరాలు నేర్చిన వారెరిగిన మాయామాళవగౌళలోనివే.

ఫ్రెట్ల వాద్యంపై తెలుగువారి గొప్ప ప్రయోగం పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్‌ది. ఆయన జంట తీగల మాండలిన్‌ను ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ వాద్యంగా మార్చి గమకాలు పలికించారు. గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్‌తో ‘రిమెంబర్ శక్తి’లో వాయించారు. 1998లో పద్మశ్రీ అందుకున్న ఆయన 2014 సెప్టెంబరు 19న చెన్నైలో మరణించారు.