మా వెంగల్ ఇంటి వాకిలి: మట్టి, గ్రావెల్, కడప బండ

పోయిన దీపావళికి వెంగల్ వచ్చిన మనవాళ్లంతా ఒకటే మాట అడిగినారు. గేటు నుంచి గడపదాకా ఇంకా మట్టేనా, కారు చక్రాలు దిగబడిపోతున్నాయే అని. నిజమే. ఐప్పసి, కార్తీక వానలు పడితే మా వాకిలి నాట్లు వేసే మడి మాదిరి అవుతుంది. ఏదో ఒకటి పరిపించాలని అందరం ఒప్పుకున్నాం. ఏది అనేదగ్గరే తగువు. నాయన సిమెంటు కాంక్రీటు అన్నాడు. చిన్నాయన పేవర్ బ్లాకులు అన్నాడు. బెంగుళూరులో పెరిగిన పిల్లలం మేము, అక్కడి వీధుల్లో చూసిన చప్పడి రాళ్లు అన్నాం.

అవ్వ అంతా విని ఒక్కటే అడిగింది: "వొట్టి కాళ్లతో నిలబడలేని వాకిలి ఏం వాకిలిరా? ముగ్గు యాడ పెట్టేది?"

అవ్వకు ఎనభై దాటింది. ఇప్పటికీ తెల్లారి లేచి చెప్పుల్లేకుండానే వాకిట్లోకి వస్తుంది. ఆ మాట విన్నాక, కొత్తది వేసే ముందు ఈ వాకిట్లో ఇంతకు ముందు ఏమేం ఉండిందో, అవి ఎందుకు పోయినాయో తెలుసుకుందామని కూర్చున్నాం. అదే ఇక్కడ రాస్తున్నాం.

మొదట ఉండింది మట్టి. రోజూ పేడనీళ్లు కళ్లాపి చల్లి, చిమ్మి, ముగ్గు పెట్టేవాళ్లు. మట్టి నీళ్లను పట్టుకుని, ఎండ ఎక్కేకొద్దీ మెల్లగా వదులుతుంది. నీళ్లు ఆవిరయ్యేటప్పుడు నేలలోని వేడిని తీసుకుపోతాయి. కుండలో నీళ్లు చల్లబడేది కూడా ఈ లెక్కనే. కాబట్టి కళ్లాపి శుభ్రం కోసమే కాదు, చల్లదనం కోసం కూడా. ఎద్దులబండి వచ్చినా గాడి పడితే సాయంత్రం పారతో సర్దేస్తే సరిపోయేది. కష్టమంతా వానల్లోనే.

ఆ కష్టానికి తాత కనుక్కున్న మందు గ్రావెల్. 1970ల్లో బండ్లమీద ఎర్ర గ్రావెల్ తోలించి, దిమ్మిసతో కొట్టించినాడట. తెలంగాణలో దీన్ని మొరం అంటారు. చదువుకున్నవాళ్లు లాటరైట్ అంటారు. ఆ పేరు పెట్టింది ఫ్రాన్సిస్ బుకానన్. మలబారులో జనం మెత్తగా ఉన్న ఈ ఎర్రరాయిని ఇటుకల్లా కోసి, గాలికి గట్టిపడ్డాక గోడలు కట్టడం చూసి, లాటిన్‌లో ఇటుకకు ఉన్న మాట తీసుకుని 1807లో అచ్చయిన తన పుస్తకంలో అలా పిలిచినాడు.

ఈ గ్రావెల్‌కు మన వైపు ఇంకొక గొప్ప కూడా ఉంది. 1863 మే 30న పల్లావరం దగ్గర గ్రావెల్ తవ్విన గుంటలో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రవేత్తకు ఆదిమానవుడి రాతి పనిముట్టు దొరికింది. అదే ఏడు సెప్టెంబరులో ఆయన, తోటి ఉద్యోగి విలియం కింగ్ కలిసి మన కొసస్థలయారు పరీవాహకంలోనే పూండి దగ్గరి అత్తిరంపాక్కంలో మరెన్నో కనుక్కున్నారు. అక్కడి పాత పనిముట్లకు సుమారు 15 లక్షల ఏళ్లని 2011లో వచ్చిన పరిశోధన తేల్చింది. బండి గాడి పూడ్చడానికి మనం తోలుకునే ఎర్రగులకలాంటి పొరల్లోనే అంత పాత చరిత్ర దాగి ఉంది.

గ్రావెల్‌లో సుగుణం ఏమంటే వాన నీళ్లు కిందికి దిగుతాయి, పొద్దుగూకినాక తొందరగా చల్లబడుతుంది. దోషం, ఎండాకాలం దుమ్ము. రెండు మూడేళ్లకొకసారి మళ్లీ పోయాలి. బంకమన్ను ఎక్కువ కలిసిన గ్రావెల్ అయితే గట్టిగా బిగిసిపోయి నీళ్లు దిగవు, పైన జారుడు కూడా.

తరువాత వచ్చింది కడప బండ. గేటు నుంచి మెట్టుదాకా రెండడుగుల వెడల్పున తాత ఒక నడవ పరిపించినాడు. మద్రాసు నుంచి అరక్కోణం, రేణిగుంట, కడప మీదుగా రాయచూరుదాకా పోయే రైలుదారి 1871లో బొంబాయి దారితో కలిసింది. మన తిరువళ్లూరు స్టేషను ఆ దారిలోనే ఉంది. బండిమీద దూరం మోయలేని రాయికి రైలు కాళ్లిచ్చినట్టయింది. ఆ మరుసటేడు, 1872లో, కడప, కర్నూలు రాళ్ల పొరలమీద పెద్ద గ్రంథం వెలువడింది. రాసింది ఎవరనుకున్నారు? అత్తిరంపాక్కంలో ఫుట్‌తో కలిసి తిరిగిన ఆ విలియం కింగే. మా వాకిట్లో ఒకదాని పక్కన ఒకటి ఉన్న గ్రావెల్, కడప బండ రెండింటి వెనకా ఒకే మనిషి పేరు కనబడేసరికి మాకు ఆశ్చర్యం వేసింది.

మనలాంటివాళ్లు గమనించాల్సింది ఇంకొకటి. అవ్వ పుట్టిల్లు తిరుత్తణి పక్క. ఆ తాలూకా 1953లో ఆంధ్ర రాష్ట్రంలో ఉండింది, 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రంలో కలిసింది. మనుషులు కదలకుండానే రాష్ట్రం మారింది. రాయి కదిలినా పేరు మాత్రం మారలేదు. తమిళ మేస్త్రీ 'కడప్పా కల్లు' అంటాడు, బెంగుళూరు మేస్త్రీ 'కడప కల్లు' అంటాడు. మేము చదువుకున్నది కన్నడంలో. తెలుగు అక్షరాలు రాకముందే ఆ రాతి పేరుతో ఒక తెలుగు ఊరి పేరు మా నోట్లో ఉండింది.

అయితే కడప బండ నీడలో వేసుకోవాల్సిన రాయి. వంటింట్లో, తిన్నెమీద చల్లగా హాయిగా ఉంటుంది. ఎండలో పెడితే నల్లటి రంగు వేడినంతా తాగేస్తుంది. పైగా పొరలు పొరలుగా ఉండే రాయి. కింద దిండుగా లేకపోతే బరువుకు పగులుతుంది. మనుషులు నడిచినన్నాళ్లు తాత నడవకు ఏమీ కాలేదు. ఇంటికి కారు వచ్చిన ఏడాదిలో ఆరు బండలు విరిగినాయి.

మరి సిమెంటు? చిన్నాయన ఇంటి ముందర 30 అడుగులు ఒకే పలకగా పోయించుకున్నాడు. పోసిన మేస్త్రీ మధ్యలో సందులు వదలలేదు. కాంక్రీటు ఆరేటప్పుడు కుంచించుకుంటుంది. ఎండకు సాగుతుంది. 30 అడుగుల పలక 30 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది. అంతేనా అనిపిస్తుంది గానీ, ఆ సాగుడుకు, కుంచించుకోవడానికి చోటు లేకపోతే అదే చోటు చేసుకుంటుంది. రెండో వేసవికి అడ్డంగా చీలింది. పది అడుగులకొక సందు విడిచి ఉంటే ఆ చీలిక చెప్పిన చోటే, కనబడకుండా పడేది.

తారు సంగతి ఎవరూ ఎత్తలేదు, అదే మంచిది. కొత్త తారు తనమీద పడిన ఎండలో నూటికి 5 పాళ్లే వెనక్కి కొడుతుంది. కొత్త కాంక్రీటు 35 నుంచి 40 పాళ్లు కొడుతుంది. కానీ కాంక్రీటు కూడా పగలు దాచుకున్న వేడిని రాత్రిదాకా వదులుతూనే ఉంటుంది. పేవర్ బ్లాకుల్లో 60 మిల్లీమీటర్లవి, 80 మిల్లీమీటర్లవి దొరుకుతాయి. సందుల్లో ఇసుకే ఉంటే కొంత నీళ్లు దిగుతాయి. సిమెంటుతో పూడ్చేస్తే అదీ కాంక్రీటే.

నీళ్ల మాట మా ఊళ్లో ఊరికే అనేది కాదు. పక్కనే తామరపాక్కం. మద్రాసు నగరానికి తాగునీళ్లు తోడే బావుల పొలాల్లో అదొకటి. ఇదే పరీవాహకంలో సముద్రం దగ్గరున్న మింజూరులో అతిగా తోడితే ఉప్పునీళ్లు లోపలికి చొచ్చుకొచ్చినాయి. 2003లో తమిళనాడు ప్రభుత్వం ప్రతి ఇంటికీ వాననీళ్ల సేకరణ తప్పనిసరి చేసింది. మిద్దె నీళ్లను గొట్టంతో గుంతలోకి దించి, వాకిలి నీళ్లను వీధిలోకి తరిమేస్తే ఏం లాభం? మా వాకిలి 30 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు. ఒక్కరోజు 100 మిల్లీమీటర్ల వాన పడితే దానిమీద పడేది సుమారు 3,300 లీటర్లు. అంతా మూసేస్తే మా బావికి చుక్క రాదు, ఎదురింటి వాకిలి మాత్రం మునుగుతుంది.

అందుకని పొంగలికి తొందరపడకుండా, ఎండాకాలం దాకా ఆగినాం. మా ఉద్యోగమే సాఫ్ట్‌వేర్ పరీక్షించడం, చూడకుండా సరే అనలేం. కత్తెర ఎండల్లో వాకిట్లో ఐదు ముక్కలు పరిచినాం: కడప బండ, కాంక్రీటు పలక, పేవర్ బ్లాకు, బూడిదరంగు గ్రానైటు చప్పడి, ఒక గంప గ్రావెల్. మధ్యాహ్నం రెండు గంటలకు ఏ రాయిమీదా కాలు ఆనలేదు, అది ఒప్పుకోవాలి. అన్నింటికంటే ముందు కాలు తీసింది కడప బండ మీదనుంచి. రాత్రి తొమ్మిదికి గ్రావెల్ చల్లబడింది, మందమైన ముక్కలు ఇంకా గోరువెచ్చగానే ఉన్నాయి. తెల్లారి అవ్వ కళ్లాపి చల్లిన మట్టే అన్నింటికంటే చల్లన.

చివరికి చేసింది ఇది. కారు చక్రాలు పోయేచోట మాత్రం రెండడుగుల వెడల్పున రెండు వరసలు గ్రానైటు చప్పళ్లు, కింద జల్లి దిమ్మిస కొట్టి, ఇసుక పరిచి. మధ్యన, పక్కన బంకమన్ను తక్కువున్న గ్రావెల్. చప్పళ్లు 22 అడుగుల దగ్గర ఆగిపోతాయి, కారూ అక్కడే ఆగుతుంది. గడప ముందర 8 అడుగులు మట్టే. మొత్తం వాకిలిలో రాయి మూసింది నాలుగో వంతుకు కొంచెం తక్కువే. తాత బండల్లో విరగనివి తీసి తిన్నెమీద, నీడలో పరిపించినాం. నాయన ఒకటి రెండు రోజులు మూతి ముడిచినాడు గానీ, లెక్క చూసినాక ఊరుకున్నాడు.

ఈ ఆశ్వయుజంలో మొదటి పెద్దవాన పడింది. చక్రాలు దిగబడలేదు, గేటు దగ్గర నీళ్లు నిలబడలేదు. మరుసటి రోజు తెల్లారి అవ్వ వొట్టి కాళ్లతో వచ్చి, ఆ 8 అడుగుల్లో చుక్కలు పెట్టి, ముగ్గు కలిపింది. తరువాత తిన్నెమీద తాత బండలపైన కూర్చుని కాఫీ అడిగింది.