గురువుకే కోరిక పుడితే

తెలుగు తెరకు నేపాళ మాంత్రికుడనే దొంగ గురువును ఇచ్చిన పింగళి నాగేంద్రరావు 1901లో పుట్టింది రాజాంలో. పెరిగింది బందరులో. నాటకాలు రాసి, ఆ చేత్తోనే సినిమాల్లోకి వెళ్లారు.

ఆయనకు ముందే మనకో కథల గురువున్నాడు. మధిర సుబ్బన్న దీక్షితుల ‘కాశీమజిలీ కథలు’ పన్నెండు భాగాలు. కాశీ వెళ్లే మణిసిద్ధుడికి తోడు కావాలి. పశువులు కాసే కుర్రాడు వస్తానన్నాడు, కానీ షరతు పెట్టాడు: అడిగినదానికల్లా కథ చెప్పాలి, లేదంటే వెనక్కి పోతా! మజిలీ చేరగానే కుర్రాడు ఊరు చూడబోతాడు, ఏదో వింత చూసి వచ్చి అడుగుతాడు. గురువు మణి మహిమతో దాని కథంతా విప్పుతాడు. భాగాలు గడిచినా గురువు మారడు. తోడు దొరికాక ఆయనకు ఇంకేం అక్కర్లేదు మరి.

కె.వి.రెడ్డి దర్శకత్వంలో విజయావారు 1951లో విడుదల చేసిన ‘పాతాళ భైరవి’కి పింగళి ఈ కథల నుంచీ, అల్లాఉద్దీన్ కథ నుంచీ సరుకు తెచ్చుకున్నారు. గురువుకు మాత్రం ఒక కోరిక తగిలించారు. భైరవికి బలి ఇవ్వడానికి సాహసవంతుడే కావాలి. అందుకే ఎస్.వి.రంగారావు మాంత్రికుడు కథానాయకుడు తోటరాముణ్ణి ఉసిగొల్పుతాడు, మెచ్చుకుంటాడు. రాముడు కొలనులో మొసలిని చంపితే శాపం తీరిన కన్య బయటికొచ్చి గురువు గుట్టు విప్పుతుంది. గురువు ఎగదోసిన ధైర్యమే గురువు మెడ మీదికొచ్చింది: బలైపోయింది మాంత్రికుడే. శిష్యుడు సదాజపుడు బతికించాక ఈసారి రాకుమారి మీద మనసు పడ్డాడు, అందంగా కనబడాలని గడ్డం తీయించుకుని శక్తి పోగొట్టుకున్నాడు.

సినిమాకు మూడు గంటలే. ఏళ్లతరబడి నడిచే సీరియల్‌లో గురువులో మార్పు నెమ్మదిగా రావాలి. 1997 నుంచి 2003 దాకా ఏడు సీజన్లు నడిచిన అమెరికా సీరియల్ ‘బఫీ ద వాంపైర్ స్లేయర్’లో గురువు జైల్స్ మొదట పుస్తకాల మధ్య నియమాలు వల్లించే లైబ్రేరియన్. శిష్యురాలు బఫీ మీద తండ్రి ప్రేమ పెంచుకున్నందుకు గురువు ఉద్యోగం పోతుంది. తర్వాత, తానుంటే ఆమె సొంతకాళ్లమీద నిలబడదని వదిలి వెళ్లిపోతాడు. చివరి సీజన్‌లో తిరిగొచ్చి ఆమెను మోసగిస్తే, నేర్పాల్సిందంతా నేర్పేశావంటూ ఆమే తలుపు మూసేస్తుంది.

మణిసిద్ధుడికి ఈ తిప్పలు లేవు. ఆయన శిష్యుడు కథలు వింటూనే ఉన్నాడు గానీ, గురువుకు ఎదురు నిలిచేంత ఎదగలేదు.