ధాత కరువు జ్ఞాపకం

ఉగాదినాడు పంచాంగ శ్రవణం చేసే అలవాటు మనలో ఇంకా పోలేదు. ఆదాయవ్యయాలు, రాజపూజ్యావమానాలు లెక్క చూచుకొంటాము; సంవత్సరం పేరు వింటాము; సాయంకాలానికి ఆ పేరు మరచిపోతాము. అరవై పేర్లు ఒక చక్రంగా తిరుగుతూ ఉండడం వలన ఏ పేరైనా మనిషికి రెండు పర్యాయాలకు మించి ఎదురుపడదు. తాను పుట్టిన సంవత్సరం పేరు మళ్ళీ వచ్చిననాడు మనిషి షష్టిపూర్తి చేసికొంటాడు. ఒక దుఃఖం పుట్టిన సంవత్సరం పేరు మళ్ళీ వచ్చినప్పుడు ఏమి జరుగుతుంది? ఈ ప్రశ్న నాకు 1996లో కలిగినది. ఆ ఉగాదికి వచ్చిన సంవత్సరం ధాత. మా వీధి దేవాలయంలో సిద్ధాంతిగారు వర్షాలు ఎన్ని కుంచాలో, పంటలు ఎట్లా ఉండునో చదివినారు. విన్నవారిలో ఒక్కరికైనా ఆ పేరు విని ఒళ్ళు జలదరించలేదు. మా నాయనమ్మ ఉండి ఉంటే చెవులు మూసుకొని ఉండేది.

ఆమెది గుత్తి దగ్గరి పల్లె. మేము పిల్లలం విస్తట్లో మెతుకులు విడిచి లేస్తే, "ధాతలో ఇదీ దొరకలేదంట నాయనా" అనేది. ధాత అంటే ఏమిటో మాకు తెలియదు. అదొక ఊరి పేరేమో అనుకొన్నాను చాలాకాలం. ఆమెకైనా ప్రత్యక్షంగా తెలియదు. అది ఆమె తల్లి చూచిన కరువు.

ధాత నామ సంవత్సరమంటే 1876-77. ఆ యేడు ముంగారు వానలు సరిగా కురవలేదు, హింగారి వానలు మొగమే చూపలేదు. బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలు, అనగా నాడు దత్తమండలాలని పిలువబడిన ప్రాంతం, మొట్టమొదట ఎండిపోయినది. అటు మైసూరు, ఇటు సేలం, కోయంబత్తూరు, పడమట దక్కను భూములు దానితో చేరినవి. మరుసటి సంవత్సరం ఈశ్వర; ఆ యేడు నైరుతి వానలు మళ్ళీ తప్పినవి. 1877 సెప్టెంబరు, అక్టోబరు మాసాలలో వానలు పడినవి గాని, ఆ వానల వెనుకనే చలిజ్వరాలు వచ్చి, ఆకలికి చిక్కి మిగిలినవారిని పట్టుకొన్నవి. ఆ తరువాతి సంవత్సరం పేరు బహుధాన్య. పంచాంగానికి పరిహాసం తెలియదు, పేర్లు వరుసగా వస్తాయి, అంతే.

పసిఫిక్ మహాసముద్రపు జలాలు అసాధారణంగా వేడెక్కడం వలన మన ఋతుపవనాలు దెబ్బతిన్నాయని నేడు శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. ఎల్ నినో అన్నది ఇప్పుడు వార్తలు వినే ప్రతివారికీ పరిచితమైన మాటే. అవే సంవత్సరాలలో ఉత్తర చైనాలో, బ్రెజిల్ ఈశాన్య భాగంలో కూడా జనం ఆకలితో రాలిపోయినారు. అయితే సముద్రం మీద నేరమంతా మోపి ఊరుకోవడానికి వీలు లేదు. 1871 నాటికే మద్రాసు నుండి కడప, గుత్తి, ఆదవానిల మీదుగా రాయచూరు వరకు రైలుదారి పడి ఉన్నది. సుంకేసుల ఆనకట్ట నుండి కర్నూలు కడప కాలువ పారుతూండినది. ధాన్యం రైలు మీద వచ్చినది, స్టేషన్లలో గుట్టలుగా పడి ఉన్నది కూడాను. దానిని కొనడానికి పనీపాటా పోయిన కూలివానివద్ద, మగ్గం మూలపడిన నేతగానివద్ద పైకం లేదు. కరువు తరువాత రిచర్డ్ స్ట్రాచీ అధ్యక్షతన కూర్చున్న కమిషన్ 1880లో ఈ సంగతినే గుర్తించినది: లోపించినది తిండి కంటే ముందు పని అని.

ఇక్కడ సర్ రిచర్డ్ టెంపుల్ అనే అధికారి కథ కొంత వివరంగా చెప్పవలసి ఉన్నది. 1873-74లో బీహారులో కరువు వచ్చినప్పుడు ఈయనే బర్మా నుండి బియ్యం తెప్పించి అడిగినవారికెల్ల పని, తిండి ఏర్పాటు చేసినాడు. చావులు బహు స్వల్పం. అందుకు ఆయనకు దక్కినది మెప్పు కాదు, దుబారా చేసినాడనే నింద. మూడేండ్లు తిరిగేసరికి, 1877 జనవరిలో, వైస్రాయి లిట్టన్ అదే మనిషిని మద్రాసు రాజధానికి పంపినాడు. ఈసారి ఆయన పాఠం నేర్చుకొని వచ్చినాడు. కరువు పనులలో మట్టి మోసే మగవానికి రోజుకు ఒక పౌను ధాన్యం, అనగా సుమారు 450 గ్రాములు, పైన కొద్ది పైకం చాలునని నిర్ణయించినాడు. మద్రాసు ఆరోగ్యశాఖాధికారి డాక్టర్ కార్నిష్ దీనిని తీవ్రంగా ఎదిరించినాడు. ఇంత తిండితో పని చేసేవాడు మెల్లమెల్లగా క్షీణించి చావవలసినదేనని ఆయన వాదం. వాదప్రతివాదాలు అచ్చయినవి, 1877 మే నెలలో కూలి కొంత పెరిగినది. ఆ నాలుగు నెలలూ ఎట్లా గడచినవో చెప్పేవారు ఆ కాగితాలలో లేరు. ఆ జనవరి మొదటి తేదీనే ఢిల్లీలో దర్బారు జరిపి విక్టోరియా రాణిని భారత చక్రవర్తినిగా ప్రకటించినారన్న విషయం పాఠ్యపుస్తకాలలో ఉన్నది. అది పిల్లలకు వస్తుంది.

ఎందరు చనిపోయినారు? లెక్కలు 50 లక్షలు మొదలు కోటి వరకు ఉన్నవి. కోటి దాటినదన్నవాడు విలియం డిగ్బీ. ఆయన మద్రాసులో పత్రికా సంపాదకుడు, కరువు సహాయనిధికి కార్యదర్శి. 1878లోనే రెండు సంపుటాల గ్రంథం వ్రాసినాడు. నా మటుకు నాకు జనాభా లెక్కలే ఎక్కువ బాధ కలిగించినవి. 1871లో కర్నూలు జిల్లాలో ఉన్నవారిలో ఇంచుమించు నాలుగో వంతు 1881 నాటికి లేరు.

ఇంతటి విపత్తు మన ఇండ్లలో ఒక ఎత్తిపొడుపు మాటగా మిగలడం ఎట్లా జరిగినది? కాలం గడిస్తే ఎవరైనా మరచిపోతారని సులభంగా అంటాము. నేను అది పూర్తిగా నమ్మను. కొన్ని సంగతులను అనుభవించినవారే చెప్పకుండా దాచినారు. కరువు శిబిరంలో ఎవరు వండినదో అడగకుండా గంజి తాగినవాడు, ఊరికి తిరిగివచ్చి ఆ మాట బయట పెట్టగలడా? బిడ్డను దారిలో విడిచివచ్చిన తల్లి ఎవరికి చెప్పుకొంటుంది? చింతగింజలు, కలబంద గడ్డలు, నాగజెముడు పండ్లు తిన్నామని చెప్పుకోగలిగినారు. అంతకు మించినది చెప్పుకోలేదు. ఆ మౌనమే రెండవ తరానికి సంక్రమించినది. మూడవ తరానికి వచ్చేసరికి అడగవలసినది ఒకటి ఉన్నదనే స్ఫురణ కూడా పోయినది. 1936లో ధాత మళ్ళీ వచ్చిననాటికి, కరువును చిన్నతనంలో చూచిన ముసలివారు కొందరు బ్రతికే ఉన్నారు. వారిని కూర్చోబెట్టి అడిగి వ్రాసికొనవలసిన సమయం అది. ఆ పని విస్తారంగా జరగలేదు.

జ్ఞాపకం నిలవడానికి ఏదో ఒక ఆధారం కావలె. బకింగ్‌హాం కాలువను చూడండి. పెదగంజాం నుండి మద్రాసు దాటి సాగే ఆ కాలువ మీద మన పెద్దలు పడవలలో ప్రయాణాలు చేసినారు. దానిలో కొన్ని భాగాలు కరువు కూలీలు తవ్వినవే. పేరు మాత్రం నాటి గవర్నరుది. ఒంగోలు ప్రాంతంలో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఆ కాలువ పనిలో మూడు మైళ్ళకు పైగా గుత్తకు తీసికొని, అంతవరకు పనికి పిలిచే దిక్కులేని మాదిగ కుటుంబాలను పెట్టి తవ్వించినాడు. కరువు ఉన్నన్నాళ్ళు తిండికోసం మతంలో చేరుతారనే శంకతో ఆయన ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. కరువు తీరిన తరువాత 1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజున 2,222 మందికి ఇచ్చినారు. దానిపై ఎవరి అభిప్రాయం ఏదైనా కానిండు, ఆ సంఘాలవారికి ఆ సంవత్సరం ఒక పర్వదినంతో ముడిపడి ఉన్నది. కనుక వారి మనుమలు, మునిమనుమలు దానిని మరువలేదు. మాబోటి ఇండ్లలో అటువంటి తేదీ ఒక్కటీ లేదు.

ముఖాలు మిగిలినవి. విలోబీ హూపర్ అనే సైనికాధికారి ఆ కరువుబాధితులను వరుసగా కూర్చోబెట్టి ఛాయాచిత్రాలు తీసినాడు. ఎముకల గూళ్ళవంటి ఆ స్త్రీపురుషులు, పిల్లలు నేటికీ పుస్తకాలలో కనిపిస్తారు. తీసినవాని పేరు మనకు తెలుసు. వారిలో ఒక్కరి పేరూ తెలియదు.

ప్రభుత్వాలకైనా జ్ఞాపకశక్తి మనకంటె మెరుగని అనుకోరాదు. ఈ కరువు ఫలితంగానే, స్ట్రాచీ కమిషన్ సలహాలపై, 1883లో కరువు నిబంధనావళి తయారైనది. వాన తప్పినప్పుడు ఏ గుర్తులు చూడవలె, ఎప్పుడు పనులు తెరవవలె, ఎవరికి ఉచితంగా తిండి పెట్టవలె అన్నీ అందులో ఉన్నవి. అరవై ఏండ్లు నిండినవి. 1943లో బెంగాలు ప్రజలు వీధులలో పడి చనిపోతూండగా అక్కడి ప్రభుత్వం ఆ నిబంధనావళి ప్రకారం కరువును ప్రకటించనే లేదు. పుస్తకం బీరువాలో భద్రంగానే ఉన్నది. చనిపోయినవారు ఇంచుమించు 30 లక్షలు.

1952లో రాయలసీమకు మళ్ళీ కరువు వచ్చినప్పుడు గంజి కేంద్రాలు తెరచినారు, సైనికులు వచ్చి బావులు లోతు చేసినారు. అది నందన సంవత్సరం. 120 ఏండ్లకు పూర్వం, 1832లో, గుంటూరు సీమను శ్మశానం చేసిన కరువు కూడా నందనలోనే వచ్చినది. ఈ సంగతి 1952లో ఎందరు తలచుకొన్నారో గాని, నేను మాత్రం చాలాకాలానికి ఒక పాత పంచాంగం తిరగవేస్తూ లెక్క కట్టుకొన్నాను.

మా నాయనమ్మకు ఒక అలవాటు ఉండేది. వంటకు కొలిచి తీసిన గింజలలో నుండి ఒక పిడికెడు మళ్ళీ కుండలో వేసేది. మా అమ్మ కూడా వేసేది. ఎందుకని అడిగితే అత్తగారు వేసేవారు గనుక అనేది. మా కోడలు కుక్కరులో బియ్యం పోస్తూ అట్లాగే నాలుగు గింజలు డబ్బాలోకి రాల్చడం నేను ఒకనాడు చూచినాను. నేను అడగలేదు.

ఆ పల్లెలో మా ఇంటిముందు జొన్నల పాతర ఒకటి ఉండేది. మనిషి లోతున తవ్వి, అడుగున గడ్డి పరచి, జొన్నలు పోసి, పైన బండ మూసి మట్టి కప్పేవారు. ధాత వెళ్ళిన తరువాత మా ముత్తవ్వ తన నగ అమ్మి దానిని తవ్వించినదని నాయనమ్మ చెప్పేది. ఇల్లు పడగొట్టి మేడ కట్టినప్పుడు దానిని పూడ్చివేసినారు. మూతబండను కొళాయి క్రింద వేసికొన్నారు. పోయినసారి నేను వెళ్ళినప్పుడు దాని మీద ఎవరో పిల్లవాడు బడి చొక్కా ఉతుకుకొంటున్నాడు. బండ నడుమ ఆ గుండ్రని గాడి ఎందుకున్నదని నన్నే అడిగినాడు. వానికి పాతర అంటే ఏమిటో చెప్పవలసి వచ్చినది. అక్కడ మొదలుపెట్టి, వాని బస్సు వచ్చేవరకు, ధాత దాకా చెప్పినాను.