కమిషన్ – కమీషన్ : ఒక అప్పగింత కథ

‘కమిషన్’ అని హ్రస్వంగా వ్రాస్తే విచారణ సంఘమో, ఎన్నికల సంఘమో స్ఫురిస్తుంది. ‘కమీషన్’ అని దీర్ఘం తీస్తే దళారీ రుసుము గుర్తుకొస్తుంది. ఇది వ్యాకరణ సూత్రం కాదు, అందరూ పాటించే పద్ధతీ కాదు. అయినా ఒకే పరభాషా పదానికి గుడిని గుడిదీర్ఘం చేసి రెండు అర్థాలు పంచుకోవడం తెలుగువారి చమత్కారమే.

రెండింటికీ మూలం ఒక్కటే. లాటిన్‌లో ఆ ధాతువుకు ఒకరి చేతిలో పెట్టడం, అప్పగించడం అని అర్థం. మన ‘నియోగం’ దీనికి దగ్గరి చుట్టం. సైన్యంలో అధికారికి రాజముద్రతో ఇచ్చే నియామక పత్రం కమిషన్. నౌకను సేవలోకి తీసుకోవడమూ కమిషనే. విశాఖ సాగరతీరాన ప్రదర్శనశాలగా నిలిచిన కురుసుర జలాంతర్గామి 1969లో అలాగే నౌకాదళంలో చేరి, 2001లో సెలవు పుచ్చుకొంది.

దీర్ఘం తీసిన కమీషన్ మనకు కొత్త కాదు. ఆంగ్లపదం రాకముందే దళారీ ఉన్నాడు, అడ్తిదారు ఉన్నాడు. వరంగల్ ఏనుమాముల మార్కెట్టులోనైనా, గుంటూరు మిర్చి యార్డులోనైనా రైతు తన పంటను అతనికి అప్పగిస్తాడు; అతడు అమ్మిపెట్టి తన వంతు మినహాయించుకొంటాడు.

మా మధురానగర్ నుంచి కృష్ణానగర్ మీదుగా ఫిల్మ్‌నగర్ వైపు సాగితే ఇదే పద్ధతి సినిమా వేషంలో కనిపిస్తుంది. పంపిణీదారు చిత్రం హక్కులను పూర్తిగా కొంటే లాభనష్టాలు అతనివే. కమీషన్ పద్ధతిలో అయితే నిర్మాతకు కొంత అడ్వాన్సు ఇచ్చి, వసూళ్ళలో ఒప్పుకొన్న శాతం తీసుకొంటాడు. అడ్వాన్సు మేరకు వసూళ్ళు రాకపోతే ఆ తేడా నిర్మాత తిరిగి చెల్లించాలి. అంటే వస్తువు చేయి మారినా నష్టభయం మాత్రం అప్పగించినవాడి దగ్గరే ఉండిపోతుంది.

ఇక హ్రస్వ కమిషన్ సంగతి. అది తెలుగువారి తలరాతతోనే ముడిపడింది. భారతీయుడొక్కడూ లేని సైమన్ కమిషన్‌ను నిరసిస్తూ 1928 ఫిబ్రవరిలో మద్రాసు వీధిలో ప్రకాశం పంతులుగారు తుపాకులకు ఎదురు రొమ్ము చూపారు. స్వాతంత్ర్యం వచ్చాక 1948లో థార్ కమిషన్ భాషాప్రయుక్త రాష్ట్రాలు వద్దన్నది. పొట్టి శ్రీరాములుగారు 1952 డిసెంబరు 15న ప్రాణాలర్పించారు. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం అవతరించింది.

ఆ డిసెంబరులోనే ఫజల్ అలీ అధ్యక్షతన రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ కమిషన్ ఏర్పడింది. కుంజ్రూ, పణిక్కర్ సభ్యులు. 1955లో అది ఇచ్చిన సలహా ఇదీ: తెలంగాణ ప్రాంతం హైదరాబాదు రాష్ట్రంగా విడిగా ఉండాలి, 1961 ప్రాంతపు ఎన్నికల తరువాత అక్కడి శాసనసభ మూడింట రెండు వంతుల ఆధిక్యంతో కోరితే ఆంధ్రతో కలవాలి. అంతవరకూ ఆగకుండానే 1956 నవంబరు 1న రెండూ కలిశాయి. 2014 జూన్ 2న విడిపోయాయి. విశాలాంధ్ర కోరినవారికీ, ప్రత్యేక తెలంగాణ కోరినవారికీ దశాబ్దాల పాటు ఆ నివేదికే వాదనల గని అయింది.

థార్ కమిషన్ వద్దన్నది జరిగింది, ఫజల్ అలీ కమిషన్ ఆగమన్నది ఆగలేదు. ఎందుచేత? కమిషన్‌కు అప్పగించేది పరిశీలన మాత్రమే; నిర్ణయం నియమించినవారి చేతిలోనే ఉంటుంది. 1952 నాటి విచారణ సంఘాల చట్టం కింద వచ్చే నివేదికలూ సిఫార్సులే. తీసుకొన్న చర్యల వివరంతో ఆరు నెలల్లో వాటిని చట్టసభ ముందుంచాలని మాత్రం ఆ చట్టంలో ఉంది.

మిత్రులారా, ఇక్కడే రెండు కమిషన్లూ మళ్ళీ ఒకటవుతాయి. పంట అప్పగించిన రైతు, చిత్రం అప్పగించిన నిర్మాత, భవిష్యత్తును అప్పగించిన ప్రజ, నష్టం వస్తే భరించేది వారే. అడ్తిదారు కనీసం సాయంత్రానికి లెక్క చెప్పి చీటీ చేతిలో పెడతాడు. ప్రజలకు దక్కవలసిన చీటీ ఆ నివేదికే. అది బీరువాలో ఉండిపోతే, దీర్ఘమేదో హ్రస్వమేదో తెలిసి మాత్రం మనకేమి ప్రయోజనం?