పెదవి వాపు తగ్గట్లేదా? అన్నీ అలర్జీలు కావు

పెదవి మాటిమాటికీ వాచి, చివరికి ఆ వాపు అలాగే ఉండిపోతుంటే చాలామంది అలర్జీ మాత్రలతో ఏళ్లు గడిపేస్తారు. ఇంట్లో పెద్దవాళ్లు నజర్ తగిలిందంటారు. అది మెల్కర్సన్-రోసెంతాల్ సిండ్రోమ్ అనే అరుదైన జబ్బు కూడా కావచ్చు.

స్వీడన్ డాక్టర్ మెల్కర్సన్ 1928లో ముఖం వాపు, మూతి వంకరపోవడం కలిసి రావడాన్ని వివరించారు. 1931లో రోసెంతాల్ నాలుకపై పగుళ్లనూ దీనికి జత చేశారు. ఈ మూడూ కలిసి కనిపించేది కొద్దిమందిలోనే. అందుకే జబ్బు ఆలస్యంగా బయటపడుతుంది.

నిర్ధారణ: వాచిన చోట చిన్న ముక్క తీసి బయాప్సీ చేస్తారు. అందులో కనిపించే గ్రాన్యులోమాలు టీబీ, సార్కాయిడోసిస్, పేగులకు వచ్చే క్రోన్స్ వ్యాధిలోనూ ఉంటాయి. కాబట్టి తగిన పరీక్షలతో అవి లేవని తేల్చుకోవాలి.

చికిత్స: పూర్తిగా నయం చేసే మందు లేదు. స్టెరాయిడ్ ఇంజెక్షన్లు, మాత్రలతో వాపు తగ్గిస్తారు. కుష్టుకు వాడే క్లోఫాజిమిన్ కొందరికి పని చేస్తుంది. ఆ మందు రాశారని కంగారు పడొద్దు. ఇది కుష్టు కాదు, ఒకరి నుంచి ఒకరికి అంటుకోదు. వాపు గట్టిపడి నిలిచిపోతే ఆపరేషన్ చేస్తారు.

నాలుక, గొంతు హఠాత్తుగా వాచి ఊపిరి ఆడకపోతే మాత్రం ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లాలి.